నలుపు వేస్తానంటే పెద్దనాన్న వద్దన్నారు

అమెరికాలో 'కార్ అండ్ డ్రైవర్' అనే పత్రిక 1991 సెప్టెంబర్ సంచికలో ఒక వింత పోటీ పెట్టింది. ఒక పక్క ఫెరారీ 348. ఇంకో పక్క జీఎంసీ కంపెనీ పికప్ ట్రక్కు. మన ఊళ్ళో కూరగాయలు, కోళ్ళు వేసుకెళ్ళే బండ్ల జాతిదే, వెనక తొట్టి ఉన్నదే. పందెం పావు మైలు, అంటే 402 మీటర్లు. ట్రక్కు 14.1 సెకన్లలో దాటేసింది. ఫెరారీకి 14.5 పట్టింది. ఇంకాస్త దూరం పరిగెత్తితే ఫెరారీయే గెలిచేది, అది వేరే సంగతి. కానీ పావు మైలు వరకూ తొట్టి బండిదే పైచేయి.

ఆ ట్రక్కు పేరు సైక్లోన్. 4.3 లీటర్ల వీ6 ఇంజన్, దానికొక టర్బో, నాలుగు చక్రాలకీ డ్రైవ్, 280 హెచ్‌పీ. మొత్తం మూడు వేల దాకానే తయారుచేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవన్నీ నలుపే, ఇంకో రంగు లేదు. నాకు బాగా నవ్వొచ్చిన విషయం ఏంటంటే, తొట్టిలో 500 పౌండ్లు మించి బరువు వెయ్యొద్దని కంపెనీయే చెప్పింది. అంటే 227 కిలోలు. మన లెక్కలో ఐదు యూరియా బస్తాలు. ఆరో బస్తా వెయ్యకూడని ట్రక్కు అన్నమాట.

ఈ బండి గురించి నాకు చెప్పింది మా అన్నయ్య, అంటే పెద్దనాన్న కొడుకు. ఎం.ఎస్. చదవడానికి మిషిగన్ వెళ్ళి, అక్కడే డెట్రాయిట్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. అసలు సైక్లోన్ కొందామంటే పాత బండ్లు సేకరించేవాళ్ళు చెప్పే ధరలు అందుబాటులో లేవు. అందుకని 1990ల నాటి మామూలు షెవర్లే ఎస్-10 పికప్ ఒకటి తక్కువలో కొన్నాడు. సైక్లోన్‌కి మూలం కూడా ఈ ఎస్-10 కుటుంబమే. "నాది నేనే తయారుచేసుకుంటా, రంగు కూడా నేనే వేస్తా" అన్నాడు. ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెళ్ళి సంబంధాలు చూస్తుంటే వీడికి ట్రక్కు పిచ్చేంటని పెద్దమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అనేది.

ఇంజన్ విషయంలో అన్నయ్య సైక్లోన్ దారిలో పోలేదు. జంక్‌యార్డ్‌కి వెళ్ళి, యాక్సిడెంట్ అయిన ఒక పెద్ద షెవర్లే ట్రక్కు నుంచి 5.3 లీటర్ల వీ8 ఇంజన్ తెచ్చాడు. జంక్‌యార్డ్ అంటే మన పాత ఇనుప సామాన్ల కొట్టుకి పెద్దన్నయ్య అనుకోండి, ఎకరాలకి ఎకరాలు ఉంటుంది. ఆ వీ8కి టర్బో తగిలించడం అక్కడి కుర్రాళ్ళలో బాగా నలిగిన దారి. ఇనప బ్లాకు కాబట్టి దెబ్బకి తట్టుకుంటుంది, విడి భాగాలు చవగ్గా దొరుకుతాయి.

ఇందులో నా వంతు లెక్కలు. నేను మెకానికల్ మూడో సంవత్సరం. "ఒరేయ్, మీ థర్మో నోట్స్ తియ్యి" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టేవాడు. నిజం చెప్పాలంటే ఆ సబ్జెక్టు నాకు పరీక్ష హాల్లో కన్నా ఆ మెసేజ్‌లలోనే బాగా అర్థమైంది.

టర్బో పని చాలా చిన్న మాటల్లో చెప్పొచ్చు. ఇంజన్ నుంచి బయటకి పోయే పొగలో బోలెడు శక్తి ఉంటుంది. ఆ పొగని ఒక చక్రం మీదకి వదులుతాం. అది నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, కుక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పెట్రోలు కాల్చొచ్చు, ఎక్కువ బలం వస్తుంది. 1905లోనే ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విస్ ఇంజనీరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

కానీ గాలిని కుక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కింది భాగం పట్టుకున్నవాళ్ళకి ఇది తెలుసు. బయటి గాలి 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్ అనుకుందాం. అన్నయ్య అర బార్ బూస్ట్ చాలనుకున్నాడు, అంటే ప్రెషర్ నిష్పత్తి 1.5. ఐసెంట్రోపిక్ సూత్రం ప్రకారం 337 కెల్విన్ రావాలి, 37 డిగ్రీలు పెరగాలి. కానీ కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే పెరుగుదల 53 డిగ్రీలు. ఇంజన్‌లోకి వెళ్ళే గాలి 80 డిగ్రీల మీద ఉంటుంది. ప్రెషర్ ఒకటిన్నర రెట్లు పెరిగినా, వేడి వల్ల గాలి సాంద్రత పెరిగేది 1.27 రెట్లే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి గాలిని 45 డిగ్రీలకి దించితే, అక్కడ పోయే కాస్త ప్రెషర్ పక్కన పెడితే, 1.41 రెట్లు అవుతుంది. మామూలుగా 285 హెచ్‌పీ ఇచ్చే ఇంజన్ ఇప్పుడు కాగితం మీద 400 ఇవ్వాలి. ఒకటిన్నర టన్నుల బండికి 400 హెచ్‌పీ అంటే అది ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

కాగితం మీద వచ్చింది బండిలో రావాలంటే ఇంకా చాలా చూసుకోవాలి. బూస్ట్‌లో పిస్టన్ రింగులు ఎక్కువ వేడెక్కి సాగుతాయి. రింగు రెండు చివర్ల మధ్య సందు చాలకపోతే అవి ఒకదానికొకటి తగిలి పిస్టన్‌నే విరగ్గొడతాయి. అందుకని ఇంజన్ విప్పి రింగుల సందు పెంచాడు. మామూలుగా ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి ఉండాలని చదువుకుంటాం. బూస్ట్‌లో అలా నడిపితే ఇంజన్ నాక్ కొట్టి చస్తుంది. 11.5, 12 దగ్గర పెట్రోలు ఎక్కువగా పోస్తేనే లోపల చల్లబడుతుంది. అందుకు పెద్ద ఇంజెక్టర్లు కావాలి, ఇగ్నిషన్ టైమింగ్ కాస్త వెనక్కి జరపాలి. టర్బో నుంచి ఆయిలు కిందకి దిగే గొట్టం పూర్తిగా వాలుగా ఉండాలి, ఎందుకంటే ఆ ఆయిలు తన బరువుతోనే దిగుతుంది. వెనక ఇరుసు మార్చాలి, అసలుది ఈ బలానికి నిలవదు. కెటలిటిక్ కన్వర్టర్లు మాత్రం ఉంచాడు, అవి పీకేయడం అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఇదంతా ఒక చలికాలం, ఒక వసంతం పట్టింది. ఈ భాగంలో ఎక్కడ ఇరుక్కున్నా మాకు దారి దొరికేది. పుస్తకం ఉంది, సూత్రం ఉంది, తెలిసినవాళ్ళు ఉన్నారు.

తర్వాత బాడీ దగ్గరికొచ్చాం. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు బండి కింది రేకుని తినేస్తాయి. ఎస్-10 తలుపుల కింద, క్యాబిన్ వెనక మూలల్లో వేలు పెడితే దిగిపోయేంత తుప్పు. అన్నయ్య అదంతా కోసేసి, కొత్త రేకు ముక్కలు వెల్డింగ్ చేశాడు. వెల్డింగ్ అతుకుల మీద లప్పం పెట్టి రుద్దాడు. చూడ్డానికి బానే ఉంది. ఫొటోలు నాకు పంపాడు. నాకేం తెలుస్తుంది? "పెద్దనాన్నకి చూపించు" అన్నాను. కాసేపు రిప్లై రాలేదు. నేనెందుకలా అన్నానో, అన్నయ్య ఎందుకు ఆగాడో చెప్పాలంటే పెద్దనాన్న గురించి చెప్పాలి.

పెద్దనాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళ పైన పెయింటర్. లారీ క్యాబిన్లు, ట్రాక్టర్లు, తర్వాత తర్వాత కార్లు. షెడ్లో అందరూ 'పెయింటర్ గారు' అనేవాళ్ళు. అక్కడ పనిచేసే మిగతావాళ్ళ పిల్లలు వేసవి సెలవుల్లో వచ్చి వాటర్ పేపర్ పట్టేవాళ్ళు. అన్నయ్యని మాత్రం ఆయన గేటు దాటనివ్వలేదు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినా బయటే తీసుకుని పంపేసేవారు. ఇంటికొచ్చాక ఆయన గోళ్ళ అంచుల్లో ఆ రోజు వేసిన రంగు కనబడేది. థిన్నర్ వాసనకి పెద్దమ్మ ఆయన బట్టలు విడిగా ఉతికేది. అన్నయ్యకి తండ్రి పని గురించి తెలిసింది అంతే, గోళ్ళూ వాసనా. ఆ డబ్బుతోనే ఇంటర్, బీటెక్, అమెరికా టికెట్టు.

అలాంటి ఆయనకి ఫోన్ చేసి, నేను గన్ పట్టుకుంటాను అని చెప్పాలి. ఒక ఆదివారం నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడే అన్నయ్య వీడియో కాల్ చేశాడు.

"అక్కడ షాపులో వేయిస్తే ఎంతవుద్ది?" అన్నారు పెద్దనాన్న.

"మంచిగా వెయ్యాలంటే వేలల్లో డాలర్లు, నాన్నా."

"నీకు జీతం బానే వస్తంది కదా?"

"వస్తోంది."

"మరి?"

"నేనే వెయ్యాలని ఉంది."

పెద్దనాన్న టీ గ్లాసు కింద పెట్టారు. నిన్ను చదివించింది ఇందుకా అని అంటారేమో అనుకున్నాను. అనలేదు. "ఏం రంగు?" అన్నారు.

"నలుపు."

"నలుపు వద్దు."

రంగు నచ్చక అన్నమాట కాదది. తెల్ల రంగు మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోతుంది, రేకులో చిన్న చిన్న సొట్టలు కంటికి ఆనవు. మెరిసే నలుపు అద్దంలాంటిది. ఎదురుగా ఉన్న గోడ, చెట్టు, ట్యూబ్‌లైటు అన్నీ అందులో కనిపిస్తాయి. రేకు వెంట్రుకవాసి వంగినా ఆ ప్రతిబింబం వంకర తిరుగుతుంది. "తెలుపైతే నీ పని నువ్వు చూస్తావు. నలుపైతే ఊరంతా చూసుద్ది" అన్నారు పెద్దనాన్న. అన్నయ్య వినలేదు. సైక్లోన్ నలుపు కాబట్టి ఇదీ నలుపే. "అయితే నేను చెప్పినట్టు చెయ్యి. ముందు ఆ లప్పం అంతా గీకెయ్" అన్నారాయన.

అలా మొదలైంది. అక్కడ శనివారం ఉదయం ఎనిమిది, ఇక్కడ సాయంత్రం ఐదున్నర. నేను హాస్టల్ నుంచి పెద్దనాన్న ఇంటికి వెళ్ళి ఫోన్ పట్టుకునేవాణ్ణి, ఆయనకి వీడియోలో జూమ్ చెయ్యడం చిరాకు. దాదాపు రెండు నెలలు. ఆ శనివారాల్లో నేను నేర్చుకున్నవి కొన్ని రాస్తాను, ఎందుకంటే ఇవి నాకు ఏ పుస్తకంలోనూ ఎదురు కాలేదు.

రేకు సమంగా ఉందో లేదో కళ్ళతో చూడొద్దు. కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి పొడుగ్గా జరపాలి. చేతికీ రేకుకీ మధ్య పల్చటి గుడ్డ పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. వేళ్ళతో వాటర్ పేపర్ పట్టి రుద్దకూడదు, వేళ్ళ మధ్య సందులు రేకు మీద గాడులుగా దిగుతాయి. చెక్క దిమ్మకి చుట్టి, ఒకసారి ఇటు వాలుగా, ఒకసారి అటు వాలుగా రుద్దాలి. ప్రైమర్ ఆరాక దాని మీద పల్చగా నల్ల రంగు దుమ్ములా చల్లి మళ్ళీ దిమ్మతో రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. ఎక్కడ నలుపు మిగిలిందో అక్కడ ఇంకా పని ఉంది. దీన్ని గైడ్ కోట్ అంటారు. ఎలాంటి పరికరం లేకుండా వెంట్రుక మందం తేడాని కళ్ళకి చూపించే పద్ధతి ఇది.

రంగు వేసే ముందు రేకుని తుడవాలి. పాలిష్‌లలో ఉండే సిలికాన్ కాస్త అంటుకున్నా రంగు అక్కడ పట్టకుండా గుండ్రంగా విడిపోతుంది. షెడ్లో దాన్ని 'చేప కన్ను' అంటారట. ఉపరితల తన్యత అని మనం ఇంటర్‌లో చదివింది ఇదే. గన్ జానెడు దూరంలో ఉండాలి. మణికట్టు తిప్పకూడదు, చెయ్యి మొత్తం రేకుకి సమాంతరంగా కదలాలి. లేకపోతే మధ్యలో మందం, చివర్ల పల్చన. ప్రతి వరసా ముందు వరసని సగం కప్పాలి.

వాతావరణం గురించి ఆయనకి తెలిసింది ఇంకో పాఠ్యపుస్తకం. మే నెలలో విజయవాడ ఎండకి రంగు తుంపర రేకుని చేరేలోపే ఎండిపోయి గరుకుగా పడుతుంది. అందుకని తెల్లవారుజామునే వేసేవాళ్ళు, నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపేవాళ్ళు. వానాకాలంలో పాత రకం డ్యూకో రంగు పాలలా తెల్లబారేది. థిన్నర్ ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది, అదే కారణం. పెద్దనాన్న డ్యూ పాయింట్ అనే మాట వాడలేదు. "ముంజేతికి గాలి జిగటగా తగిలితే ఆ రోజు గన్ ముట్టుకోకూడదు" అన్నారు. రెండూ ఒకటే.

అన్నయ్య జంక్‌యార్డ్ నుంచి ఒక పాత బానెట్ తెచ్చి దాని మీద సాధన చేశాడు. ఒకసారి వీడియో ఆగిపోయి మాట మాత్రమే వినబడుతోంది. పెద్దనాన్న కళ్ళు మూసుకుని విని, "గాలి ఎక్కువైంది, తగ్గించు" అన్నారు. అన్నయ్య గేజ్ చూసి తగ్గించాడు. గన్ శబ్దం నాకూ వినబడింది. నాకు తేడా ఏమీ తెలియలేదు.

ఈ రెండు నెలల్లో ఒక్క రోజు మాత్రం పాఠం జరగలేదు. క్లియర్ కోట్ డబ్బాలు వచ్చిన రోజు. రంగు మీద గాజులా వేసే పొర అది. అందులో కలిపే హార్డెనర్ సేఫ్టీ షీట్ నేను చదివాను. ఐసోసైనేట్లు ఉంటాయి. భోపాల్‌లో 1984 డిసెంబర్‌లో బయటకొచ్చిన మిథైల్ ఐసోసైనేట్ ఈ కుటుంబంలోదే. అదీ ఇదీ ఒకటే పదార్థం కాదు, దీనికి అంత తేలిగ్గా గాలిలో కలిసే గుణం లేదు. కానీ గన్‌తో తుంపరగా కొట్టినప్పుడు ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళ్తుంది. పెయింటర్లకి వచ్చే ఆస్తమాకి ఇది బాగా తెలిసిన కారణం. ఒకసారి ఒంటికి పడకుండా అయిపోతే, తర్వాత చాలా కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. ఇంకో చిక్కు ఏంటంటే, ప్రమాదం స్థాయికి చేరినా వాసన రాకపోవచ్చు. మామూలు మాస్క్‌లో ఫిల్టర్ అయిపోయిందో లేదో ముక్కు చెప్పలేదు. అందుకే బయటి నుంచి మంచి గాలిని గొట్టం ద్వారా ముఖానికి పంపే మాస్క్ వాడమంటారు.

అన్నయ్య అది కొన్నాడు. తెల్ల సూటు, ముఖం మొత్తం కప్పే మాస్క్, గ్యారేజ్ బయట పెట్టే గాలి పంపు, పొడుగాటి గొట్టం. అన్నీ తగిలించుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. చంద్రుడి మీదకి వెళ్ళేవాడిలా ఉన్నాడు. నేను నవ్వాను. పెద్దనాన్న నవ్వలేదు.

"ఎంతయింది?"

అన్నయ్య చెప్పాడు. రూపాయల్లోకి మార్చుకోవడానికి ఆయనకి రెండు క్షణాలు పట్టింది.

"దాంట్లో ఊపిరి సరిగ్గా ఆడుద్దా?" అన్నారు.

"హాయిగా ఆడుతుంది నాన్నా."

ఆయన తలూపి లేచి లోపలికి వెళ్ళిపోయారు. లోపలి నుంచి దగ్గు వినబడింది. ఆయనకి దగ్గు చాలా ఏళ్ళుగా ఉంది, రాత్రిళ్ళు ఎక్కువ. దానికి కారణం రంగేనని ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు, కాబట్టి నేనూ రాయను. ఆయన ముప్పై ఏళ్ళు ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని గన్ పట్టారు. సాయంత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు, లోపలికెళ్ళిన దుమ్ముని అది లాగేస్తుందని షెడ్లో అందరి నమ్మకం. తువ్వాలు దుమ్ముని కాస్త ఆపుతుంది. ఆవిరిని ఆపదు. బెల్లం తీపి, అంతే. డబ్బా మీద అక్షరాలు అప్పుడూ ఉండే ఉంటాయి, ఇంగ్లీషులో, చీమ తలంత సైజులో.

ఫోన్‌లో అన్నయ్య మాస్క్ తీసేసి కూర్చున్నాడు. "నేను ఈ పని సరదాకి చేస్తున్నానని ఆయనకి అనిపిస్తోందేమో రా" అన్నాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే చేస్తున్నది సరదాకే.

పై వారం పెద్దనాన్న మామూలుగానే వచ్చి కూర్చున్నారు. జూన్‌లో ఒక శనివారం రంగు వేసే రోజు. అన్నయ్య గ్యారేజ్ గోడలకి ప్లాస్టిక్ పరదాలు కట్టాడు, దుమ్ము లేవకుండా నేల తడిపాడు. అమెరికా ఇళ్ళల్లో చాలా చోట్ల గ్యాస్‌తో నీళ్ళు కాచే హీటర్ గ్యారేజ్‌లోనే ఉంటుంది, దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతుంటుంది. థిన్నర్ ఆవిరికి అది చాలు. దాన్ని ముందురోజే ఆర్పేశాడు. ఫోన్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి స్టాండ్ మీద పెట్టాడు. నలుపు మూడు కోట్లు, ప్రతి కోటుకీ మధ్య పావుగంట. తర్వాత క్లియర్ కోటు. ఆ మూడు గంటలూ పెద్దనాన్న దాదాపు మాట్లాడలేదు. ఆయన కుడి చెయ్యి మాత్రం మోకాలి మీద ఇటూ అటూ మెల్లగా కదులుతోంది.

చివరి కోటులో డ్రైవర్ తలుపు పిడి కింద ఒక బొట్టు కారింది. అన్నయ్య తుడవబోయాడు. "ముట్టుకోకు!" అని అరిచారు పెద్దనాన్న. "ఎండనియ్. ఎండినాక గీకితే పోద్ది. ఇప్పుడు ముట్టుకుంటే తలుపంతా పోద్ది."

బాగా ఎండాక 1500, 2000, 3000 నంబర్ వాటర్ పేపర్లు వరసగా పట్టి పాలిష్ చేశాడు. క్లియర్ పొర మందం యాభై మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, అంటే సుమారు వెంట్రుక అంత. అంచుల దగ్గర రెండు రుద్దులు ఎక్కువైతే కింది రంగు బయటపడుతుంది. కారిన బొట్టు నిజంగానే పోయింది. "బండి పక్కన ట్యూబ్‌లైటు వేసి, ముందు నుంచి వెనక్కి చూపించు" అన్నారు పెద్దనాన్న. నల్ల రేకులో తెల్ల గీత తిన్నగా సాగింది, తలుపు దాటింది, వెనక చక్రం పైన ఒకచోట కొంచెం వంగింది.

"అక్కడ లప్పం సరిగ్గా కొట్టలేదు."

"తెలుసు నాన్నా."

"పర్లేదులే. నీ బండే కదా. కస్టమర్ బండైతే మొత్తం గీకి మళ్ళీ వేసేవాణ్ణి."

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఇద్దరూ చేసింది ఒకటే పని. అదే గన్, అదే క్లియర్ కోటు. ఒకరికి తప్పు వదిలేసే వీలుంది, అలిసిపోతే వచ్చే శనివారానికి వాయిదా వేసే వీలుంది, ఊపిరికి వేరే గాలి కొనుక్కునే వీలుంది. ఇంకొకరికి ఆ మూడూ లేవు. 'నేనే స్వయంగా చేసుకున్నాను' అని అన్నయ్య ఎంత గర్వంగా చెప్పుకున్నా తప్పు లేదు, ఆ గర్వం నిజమైనదే. ఆఫీసులో తను రాసిన కోడ్ ఎక్కడ నడుస్తోందో తనకే తెలియదనీ, ఈ తలుపు మాత్రం చేత్తో ముట్టుకోగలననీ అన్నాడు ఒకసారి. కానీ ఆటోనగర్ నుంచి బయటకెళ్ళిన వేల లారీలని కూడా ఎవరో ఒకరు స్వయంగానే చేశారు. వాళ్ళ విషయంలో మనం ఆ మాట వాడం, కూలి పని అంటాం.

ఇది చదివి మన క్లబ్‌లో ఎవరికైనా బండి మీద చెయ్యి చేసుకోవాలని అనిపిస్తే ఒక మాట. మన రోడ్ల మీద తిరిగే డీజిల్ పికప్‌లలో చాలావాటికి టర్బో ముందే ఉంది, పందేల కోసం కాదు, బరువు లాగడానికి. దాన్ని మార్చి బలం పెంచడం ఇక్కడ కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, కాకపోతే ఆర్టీఓకి చెప్పి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

నాకు మాత్రం ఇంజన్ కన్నా ఆ గాలి గొట్టమే బుర్రలో తిరుగుతోంది. మా బ్యాచ్‌లో ముగ్గురం కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా, చిన్న షెడ్లలో పెయింటర్లు వాడగలిగే చవకైన గాలి మాస్క్ చెయ్యాలనుకుంటున్నాం. షెడ్లో ఉన్న కంప్రెసర్ గాలినే వాడేద్దాం అనుకుంటే కుదరదు. అందులో ఆయిల్ తుంపర వస్తుంది, ఎక్కువ వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ కూడా రావొచ్చు. పైగా అది పీల్చేది అదే షెడ్లో గాలి. కాబట్టి ఆయిల్ లేని చిన్న బ్లోయర్ వేరేగా కావాలి, దాని మూతి రంగు వాసన చేరని చోట ఉండాలి. ఎండాకాలం ముఖం ఉడికిపోకుండా గాలి ఎంత పంపాలో లెక్క కట్టాలి. ఖర్చు పెయింటర్ నెల సంపాదనలో చిన్న భాగం దాటకూడదు.

మొదటి డ్రాయింగ్ పట్టుకెళ్ళి పెద్దనాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "గన్ గొట్టం ఒకటే ఈడ్చుకుంటూ బండి చుట్టూ తిరగాలంటే చెయ్యి లాగేస్తది. దీనికి ఇంకో గొట్టం తగిలిస్తే, తడి రంగు మీద అది రాసుకోకుండా ఎట్టా తిరుగుతారు?" అని అడిగారు. గొట్టాన్ని పైకప్పు నుంచి పట్టాల మీద వేలాడదీస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు గీస్తున్నాం. బుధవారం ఆయనతో పాటు ఆటోనగర్ వెళ్ళి షెడ్డు ఎత్తు కొలవాలి. ఈసారి గేటు దగ్గర ఆగిపోవాల్సిన పని లేదని ఆయనే చెప్పారు.